రేపు ఇంటర్ రిజల్ట్స్, మ్యాథ్స్ 2బి భయం: సమాధానం
తమ్ముడూ, 2బి పోతుందేమోనన్న భయం ఒకటి, రిజల్ట్ నీకంటే ముందు నాన్న చూస్తారన్న దిగులు ఒకటి అని రాశావు. రెండోది ఈ రాత్రే దించేసుకో. అన్నం తినేటప్పుడు "నాన్నా, 2బి సరిగ్గా రాయలేదు, రిజల్ట్ నేనే చూసి చెప్తా" అనెయ్. నేను చెప్పలేదు. మా నాన్న నలుగురిలో ఉండి చూశారు, ఫిజిక్స్‌లో 17, ఫెయిల్. ఒక్క మాటా అనలేదు. బయటికెళ్దామని చెప్పులేసుకుని, మళ్లీ విప్పి అరుగు మీద కూర్చుండిపోయారు. అది ఇప్పటికీ నా కళ్లముందే ఉంది.

2బిలో 75కి 26 వస్తే పాస్. ఒకటి రెండు మార్కుల్లో ఆగితే రీకౌంటింగ్ కాదు, రీవెరిఫికేషన్ పెట్టు. రీకౌంటింగ్‌లో కూడికలే సరిచూస్తారు. రీవెరిఫికేషన్‌లో దిద్దకుండా వదిలేసిన జవాబులున్నాయేమో కూడా చూసి, పేపర్ స్కాన్ కాపీ ఇస్తారు. గడువు కొద్దిరోజులే. అది తేలేదాకా ఆగకుండా అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీకి కూడా ఫీజు కట్టెయ్. నేను ఫిజిక్స్ గట్టెక్కింది అందులోనే.

చుట్టాల ఫోన్లు అమ్మనే ఎత్తమను. రేపు మాత్రం గది తలుపేసుకుని ఒక్కడివే ఉండొద్దు. చచ్చిపోవాలనిపిస్తే ఆ క్షణమే ఇంట్లోవాళ్లకు చెప్పు, లేదా 14416కి ఫోన్ చెయ్. అది టెలీమానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, డబ్బులేం పడవు, అర్ధరాత్రైనా తెలుగులో మాట్లాడతారు.

మార్కులు ఎన్నైనా సరే, చూడగానే నాకు రాయి. అప్లికేషన్ పెట్టాల్సొస్తే కలిసే నింపుదాం.