చివరి పేజీల దస్తూరి

‘మా అమ్మ విజయనగరం జిల్లాలో జిల్లా పరిషత్ బడుల్లో తెలుగు పంతులమ్మ. ప్రధానోపాధ్యాయురాలిగా 2001లో రిటైరయ్యారు. ఎందరికో పరీక్ష ఫీజులు కట్టారు. ఏటా రథసప్తమికి అరసవల్లి వెళ్లేవారు, నీటికాసులతో చూపు పోయిన చివరి మూడేళ్లూ మానలేదు. పోయిన మాఘ బహుళంలో కాలం చేశారు. సంవత్సరీకానికి స్మారక సంచిక వేస్తున్నాను. ఎవరికి ఏమిచ్చారో అమ్మ రాసుకున్న నోటు పుస్తకం వదిన దగ్గరుంది. అడిగితే “చూద్దాం” అంటుంది. ఏడో తరగతితో ఆపేసిన మనిషికి దాని విలువ ఏం తెలుస్తుంది? రెండు పేజీలు మాత్రం ఫొటో తీసి పంపింది, అవి జతచేశాను. చివరి పేజీల్లో దస్తూరి కూడా అమ్మది కాదు. అన్నయ్యతో గట్టిగా చెప్పించనా? సంచికలో ఏమేం ఉండాలి?’
– ఒక కూతురు, హైదరాబాద్

సంచిక గురించి పెద్దగా చెప్పేదేం లేదమ్మా. ఒక ఫొటో, నాలుగు పేజీల జీవితం, పాత విద్యార్థుల ఉత్తరాలు చాలు. ముందుమాట ఏ నాయకుడి చేతా రాయించకండి. ఆయనకు మీ అమ్మగారెవరో తెలియదు.

చివరి పేజీల్లో దస్తూరి అమ్మది కాదన్నారు. మరి ఎవరిదో మీకు అనుమానం కూడా రాలేదా? మీరు పంపిన ఫొటోలు నేను భూతద్దం పెట్టుకుని చదివాను. మొదటిది మీ అమ్మగారిదే, బోర్డు మీద రాసి రాసి కుదురుకున్న గుండ్రటి అక్షరాలు. ‘పరీక్ష ఫీజు. గేదె ఈనాక ఇస్తానన్నాడు. వద్దన్నాను.’ అంతే రాశారు. రెండో దాంట్లో అక్షరాలు పెద్దవి, గీత మీద నిలవవు. ‘పుస్తకాలు’ అన్న మాటను మూడుసార్లు కొట్టేసి నాలుగోసారి ఒత్తు సరిగ్గా పెట్టారు. కళ్లు కనిపించని పంతులమ్మ పక్కన కూర్చుని ఒక్కొక్క అక్షరం పలికి ఉంటే తప్ప అలా దిద్దుకుంటూ రాయడం కుదరదు. ఇది నా ఊహే. కానీ అది మీ వదిన చేతిరాత కాకపోతే నేను సలహాలివ్వడం మానేస్తాను.

ఇంకోటి. రథసప్తమికి అరసవల్లిలో స్వామి నిజరూప దర్శనం. అర్ధరాత్రి నుంచే జనం, చలి. చూపు లేని మనిషి ఆ క్యూలో మూడేళ్లు నిలబడిందంటే ఎవరి చెయ్యి పట్టుకుని నిలబడింది? స్వామి ఎలా ఉన్నాడో చెవిలో ఎవరు చెప్పారు? మీరు ఆ మూడేళ్లూ హైదరాబాదులోనే ఉన్నారు కదా. దెప్పడం లేదు, దూరం ఇచ్చిన ఆడపిల్లల బతుకు నాకూ తెలుసు. కానీ ఇంత ఉత్తరంలో వదిన గురించి మీకు చెప్పాలనిపించింది ఆవిడ ఏడో తరగతి మాత్రమే. ఊరి పిల్లలందరికీ చదువు చెప్పిన తల్లి కూతురు రాయాల్సిన మాటేనా అది?

పుస్తకం ఎందుకివ్వడం లేదో అడిగారా? అందులో ఫీజు పుచ్చుకున్న పిల్లల పేర్లుంటాయి. వాళ్లిప్పుడు ఉద్యోగాల్లో, సంసారాల్లో ఉంటారు. తండ్రి గేదె మీద ఆశ పెట్టుకుని అప్పడిగిన సంగతి అచ్చువేసి బంతిలో అందరికీ పంచితే ఆ కొడుకు తలెక్కడ పెట్టుకోవాలి? మీ అమ్మగారు బతికుండగా ఆ పుస్తకం ఎవరికీ చూపించలేదని నా నమ్మకం. వదిన కూడా అందుకే నాన్చుతూ ఉండవచ్చు. ‘చూద్దాం’ అనడమే బాగాలేదు. ‘ఇవ్వను’ అనేస్తే మర్యాదగా ఉండేది.

అన్నయ్యను మధ్యలోకి లాగే ఆలోచన ఇక్కడితో ఆపేయండి. మీ విజయనగరం గ్రామదేవత పైడితల్లమ్మ రాజుగారి ఆడపడుచే కదా. 1757లో బొబ్బిలి మీద యుద్ధం వద్దని అన్న విజయరామరాజుకు చెప్పాలని తపించిందని చెప్పుకుంటారు. ఆ ఊరి ఆడపడుచై ఉండి మీరు అన్నను వదిన మీదికి పంపుతానంటారేమిటి?

సంవత్సరీకానికి ముందే రథసప్తమి వస్తుంది. ఆ రోజుకు వెళ్లండి. ఏటి సూతకం కాబట్టి ఈసారి ఆ ఇంట్లో అరసవల్లి ప్రయాణం లేదు, పండగా లేదు. ఏటా ఆ రాత్రి మీ అమ్మగారిని తయారుచేసి బస్సెక్కించిన మనిషికి ఏం తోచక చేతులు కట్టుకుని కూర్చోవాల్సిన రోజది. సంచిక మాట ఎత్తకండి. పక్కన కూర్చుని, చివరి పేజీలు చదివి వినిపించమని అడగండి. ఎక్కడైనా ఒత్తు తప్పు పలికితే మీరు దిద్దకండి.