షార్ట్ సేల్‌లో అసలు పీకులాట సెకండ్ లోన్‌తోనే

టెక్సాస్‌లో డాలస్ దగ్గర మీ ఇల్లు, ఉద్యోగం పోయి నాలుగు నెలలు, ఇంటి రేటు కంటే బాకీ ఎక్కువ. షార్ట్ సేల్‌కి (బ్యాంకుని ఒప్పించి బాకీ కంటే తక్కువకే అమ్మడానికి) వెళ్లాలా, బ్యాంకు వేలానికి (ఫోర్‌క్లోజర్‌కి) వదిలేయాలా అని అడిగారు. నేను 2010లో కాలిఫోర్నియాలో మౌంటెన్ హౌస్‌లోని మా ఇంటికి చేసుకున్నాను. నన్నడిగితే షార్ట్ సేలే, కానీ ఈ వారమే మొదలుపెట్టండి.

మేం 2006లో 6,10,000 డాలర్లకి కొన్నాం. 80 శాతం ఒక బ్యాంకు అప్పు, మిగతా 20 ఇంకో బ్యాంకు అప్పు (అదే సెకండ్ లోన్), మా చేతి డబ్బు దాదాపు లేదు. మూడేళ్లకి మా వీధిలోనే అదే మోడల్ 3 లక్షలకి పోయింది. నాన్నకి ఫోన్‌లో చెబితే "ఇల్లు అమ్మేశాక కూడా అప్పు మిగలడమేమిట్రా?" అన్నారు. మిగిలే అప్పుని వదులుకోమని బ్యాంకుని ఒప్పించి అమ్మడమే షార్ట్ సేల్ అని ఆయనకి చెప్పేసరికి అరగంట పట్టింది.

హార్డ్‌షిప్ లెటర్ (ఎందుకు కట్టలేకపోతున్నామో చెప్పే ఉత్తరం), టాక్స్ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ కలిపి 64 పేజీలు మొదటి బ్యాంకుకి ఫ్యాక్స్ చేశాం. "ఒక పేజీ రాలేదు, మొత్తం మళ్లీ పంపండి" అన్నారు. తీరా చూస్తే అది స్టేట్‌మెంట్ చివర ఉండే ఖాళీ పేజీ! ఖాళీదైనా సరే, పంపండి.

అసలు తలనొప్పి రెండో బ్యాంకు. అమ్మిన డబ్బులోంచి వాళ్లకి 5,000 ఇవ్వడానికి మొదటి బ్యాంకు ఒప్పుకుంది. వాళ్లు 20,000 అన్నారు. వేలానికి వెళ్తే ముందు మొదటి బ్యాంకు బాకీ తీరాలి కాబట్టి వాళ్లకి పైసా రాదు, అయినా బిగిసి కూర్చున్నారు. ఈలోగా కొనేవాళ్లు విసిగి వెళ్లిపోయారు. ఇంకొకరు దొరికాక 9,000కి దిగారు, నాలుగు వేలు నా జేబులోంచి. తీరా వచ్చిన లెటర్‌లో లియన్ తీసేస్తామని మాత్రమే ఉంది. అంటే ఇంటి మీద పట్టు వదులుతారు, మన మీద కాదు. మా రియల్టర్ పట్టుకుంది కాబట్టి సరిపోయింది. మిగతా బాకీ వసూలు చేయం అన్న వాక్యం పడేదాకా సంతకం చెయ్యలేదు. కాలిఫోర్నియాలో 2011లో చట్టమే మారి ఆ బెడద పోయింది. టెక్సాస్‌లో అలాంటి రక్షణ లేదు, వేలం అయ్యాక కూడా వేలంలో తీరని బాకీ కోసం బ్యాంకు రెండేళ్లలోపు కోర్టుకి వెళ్లొచ్చు. కాబట్టి మీకు ఆ ఒక్క వాక్యమే ప్రాణం.

మీ దగ్గర వేలాలు నెలలో మొదటి మంగళవారం. నోటీసు 21 రోజుల ముందు ఇస్తే చాలు. మీరుంటున్న ఇల్లే అయితే, వేలానికి 37 రోజుల కంటే ముందే మీ షార్ట్ సేల్ అప్లికేషన్ పూర్తిగా అందితే, దాని సంగతి తేల్చేదాకా సర్వీసర్ (మీ లోన్ వాయిదాలు వసూలు చేసే కంపెనీ) వేలం వేయకూడదని ఫెడరల్ రూలు. లెక్క చూశారా? 21 రోజుల నోటీసు కోసం ఎదురుచూస్తే ఆ గడువు దాటిపోతుంది. "ముందు మూడు వేలు కట్టండి, వేలం ఆపిస్తాం" అనేవాళ్ల జోలికి పోకండి, హడ్ (అమెరికా గృహ నిర్మాణ శాఖ) ఆమోదించిన కౌన్సెలర్లు ఫోర్‌క్లోజర్ విషయంలో ఉచితంగానే సాయం చేస్తారు.

టాక్స్ కూడా చూసుకోండి. మాఫీ అయిన సొమ్ముని ఆదాయంగా లెక్కేస్తారు, దానికి 1099-సి అనే టాక్స్ ఫారం వస్తుంది. సొంతింటి అప్పు మాఫీ మీద టాక్స్ తీసేసిన 2007 చట్టం నన్ను కాపాడింది. పొడిగిస్తూ వచ్చిన ఆ గడువు 2025 డిసెంబరు 31. మీ ఆస్తుల కంటే అప్పులే ఎక్కువని ఫారం 982లో చూపించే దారి మాత్రం ఉంది, సీపీఏని (టాక్సులు చూసే అకౌంటెంట్‌ని) అడగండి.

క్రెడిట్ రెండిట్లోనూ దెబ్బతింటుంది. కాకపోతే మళ్లీ ఇల్లు కొనాలంటే ఫ్యానీ మే (బ్యాంకుల దగ్గర ఇంటి లోన్లు కొనే సంస్థ) రూల్స్‌తో ఇచ్చే లోన్‌కి షార్ట్ సేల్ తర్వాత నాలుగేళ్లు, ఫోర్‌క్లోజర్ తర్వాత ఏడేళ్లు ఆగాలి.

మీకు సెకండ్ లోన్ ఉందా? చివరిగా వచ్చిన లెటర్ మీద తేదీ ఏంటి? ఈ రెండూ కింద రాయండి.