టెక్ సందేహాలు: అవతలి సర్వర్ మొరాయిస్తే మన పేజీ ఎందుకు ఆగాలి?

ప్రశ్న: మా సైట్ డ్రూపల్ 10 అనే వెబ్‌సైట్ సాఫ్ట్‌వేర్‌లో ఉంది. సరుకు నిల్వల వివరాలిచ్చే వెబ్ సర్వీస్ ఒకటి ఇప్పటికే నడుస్తోంది. ఆ డేటా తెచ్చి బ్లాక్‌లో (పేజీలోని ఓ భాగంలో) చూపించేలా ఓ కస్టమ్ మాడ్యూల్ (అదనపు కోడ్) రాశాను. కానీ ఆ సర్వీస్ నెమ్మదించిన రోజు మా పేజీ అర నిమిషం దాకా తెరుచుకోదు. తర్వాత ఎర్రర్ వస్తుంది. కోడ్‌లో లోపాలను పట్టుకునే ట్రై-క్యాచ్ పెట్టినా ఇదే తంతు. ఎందుకు?

జవాబు: మీరన్న ఆ అర నిమిషంలోనే సగం జవాబు ఉంది. బయటి సర్వీసులతో మాట్లాడటానికి డ్రూపల్ గజిల్ అనే లైబ్రరీని వాడుతుంది. దానికి డ్రూపల్ పెట్టిన డిఫాల్ట్ టైమవుట్ (జవాబు కోసం ఆగే గడువు) 30 సెకన్లు. మీరు వేరే సంఖ్య ఇవ్వకపోతే అంతసేపూ కాచుక్కూర్చుంటుంది. రిక్వెస్ట్ పంపేటప్పుడే టైమవుట్‌ను మూడు నాలుగు సెకన్లకు తగ్గించండి.

ఇక ట్రై-క్యాచ్. అందులో మీరు రిక్వెస్ట్‌ఎక్సెప్షన్ అనే రకం లోపాన్నే పట్టుకుంటున్నారని నా అనుమానం. గజిల్ 6లో కనెక్షన్ లోపాలు కూడా దాని కిందికే వచ్చేవి. డ్రూపల్ 10లో ఉన్న గజిల్ 7కు వచ్చేసరికి కనెక్ట్‌ఎక్సెప్షన్ వేరు కాపురం పెట్టింది. సర్వర్ దొరక్కపోయినా, టైమవుట్ అయినా వచ్చేది సాధారణంగా అదే. మీ క్యాచ్‌కు చిక్కకుండా జారిపోతోంది. బదులుగా గజిల్‌ఎక్సెప్షన్‌ను పట్టుకోండి, రెండూ దొరుకుతాయి. ఇంకో తిరకాసు ఉంది. కొన్ని సర్వీసులు మరమ్మతులో ఉన్నా అంతా బాగుందని చెప్పే 200 కోడ్‌తోనే ఏదో హెచ్‌టీఎంఎల్ పేజీ పంపుతాయి. కాబట్టి వచ్చిన జేసాన్ (డేటా పంపే ఫార్మాట్) సరిగ్గా ఉందో లేదో చూశాకే వాడండి.

ఇవన్నీ చేసినా అసలు తప్పు మిగిలే ఉంటుంది. పేజీ తయారవుతున్నప్పుడు బయటి సర్వీస్‌ను పిలవడమే ఆ తప్పు. చూడటానికి వచ్చిన మనిషిని గుమ్మంలో నిలబెట్టి సరుకు తేవడానికి పరిగెత్తడం లాంటిదది. ఆ పిలుపును క్రాన్‌కు, అంటే నిర్ణీత వేళకు పనులు చేసే ఏర్పాటుకు, అప్పగించండి. వచ్చిన డేటాను మీ సొంత టేబుల్లో దాచి, బ్లాక్ అక్కణ్ణుంచే చదివేలా మార్చండి. క్యాష్‌లో (తాత్కాలిక నిల్వలో) మాత్రమే దాచకండి. ఎవరో క్యాష్ క్లియర్ చేస్తారు, సరిగ్గా అప్పుడే సర్వీస్ పడిపోయి ఉంటుంది, చూపించడానికి పాత కాపీ కూడా మిగలదు. బ్లాక్‌కు ఒక క్యాష్ ట్యాగ్ (గుర్తు) ఇచ్చి, డేటా మారినప్పుడు మాత్రమే దాన్ని ఇన్‌వాలిడేట్ చేయండి, అంటే పాత కాపీ చెల్లదని చెప్పండి.

డ్రూపల్‌తో వచ్చే ఆటోమేటెడ్ క్రాన్ మామూలుగా 3 గంటలకోసారి నడుస్తుంది, అదీ ఎవరైనా సైట్‌కు వస్తేనే. మీకది చాలదు. సర్వర్ క్రాన్‌ట్యాబ్‌లో (పనుల టైమ్‌టేబుల్లో) 15 నిమిషాలకోసారి పెట్టుకోండి. నిల్వల సంఖ్య ఓ పావుగంట పాతదైతే కొంపలేమీ మునగవు. ఆర్డర్ ఖాయం చేసే క్షణంలో మాత్రం సర్వీస్‌ను నేరుగా అడగాల్సిందే. సర్వీస్ 429 కోడ్ పంపితే మరీ ఎక్కువసార్లు అడుగుతున్నారని అర్థం. దాంతోపాటు రిట్రై-ఆఫ్టర్ హెడర్ వస్తే, అందులో చెప్పినంతసేపు ఆగండి.

ప్రశ్న: ఇంత తతంగం లేకుండా బ్రౌజర్‌లోని జావాస్క్రిప్ట్‌తోనే సర్వీస్‌ను పిలవకూడదా?

జవాబు: ఏపీఐ కీ (సర్వీస్ అడిగే రహస్య సంకేతం) అక్కర్లేని సర్వీసై, వేరే సైట్ల పేజీల నుంచి పిలవనిచ్చే సీఓఆర్ఎస్ అనుమతి కూడా ఇస్తుంటే నిక్షేపంగా పిలవొచ్చు. కీ కావాలంటే మాత్రం వద్దు. బ్రౌజర్‌కు చేరిన కీ రహస్యం కాదు, డెవలపర్ టూల్స్ తెరిస్తే ఎవరికైనా కనిపిస్తుంది. కీని మాడ్యూల్ కోడ్‌లోనూ రాయకండి. ఒకప్పుడు నేనలాగే రాసి, కోడ్ మార్పులన్నీ దాచే గిట్‌లోకి పంపేసి, తర్వాత నాలిక్కరుచుకుని కీ మార్పించుకున్నాను. గిట్‌లోకి వెళ్లని సెట్టింగ్స్ ఫైల్లో గానీ, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో గానీ ఉంచండి.

ప్రశ్న: మాది పాత సోప్ (ఎక్స్‌ఎంఎల్ సందేశాలతో నడిచే పద్ధతి) సర్వీస్. దాన్ని రెస్ట్ అనే పద్ధతికి మార్చేదాకా మాడ్యూల్ పని ఆపాలా?

జవాబు: ఆపక్కర్లేదు. డ్రూపల్ రాసిన భాష పీహెచ్‌పీలో సోప్‌క్లయింట్ ఉంది, సర్వర్‌లో సోప్ ఎక్స్‌టెన్షన్ ఆన్ చేయిస్తే చాలు. ఆ కోడంతా ఒకే క్లాస్‌లో ఉంచితే, రేపు రెస్ట్ వచ్చినా ఆ ఒక్కటి మారిస్తే సరిపోతుంది. సర్వీస్ వాళ్లు డబ్ల్యూఎస్‌డీఎల్ (ఆ సర్వీస్‌ను వర్ణించే ఫైల్) మార్చినా మీకు పాతదే కనిపిస్తుంటే టెన్షన్ పడకండి. పీహెచ్‌పీ ఆ ఫైల్‌ను మామూలుగా 86,400 సెకన్లు, అంటే ఒక రోజంతా, క్యాష్‌లో ఉంచుకుంటుంది. డెవలప్‌మెంట్ సమయంలో ఆ క్యాష్‌ను ఆపేసుకోండి.