స్టే ఉందని ఇల్లు కొనవచ్చా?

ప్రశ్న: మేము టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. ఇద్దరివీ హెచ్‌1బి వీసాలే. డల్లాస్ నగరంలో 4,20,000 డాలర్లకు ఒక ఇల్లు చూశాం. ఇళ్లను రోజుల లెక్కన అతిథులకు అద్దెకిప్పించే ఎయిర్‌బీఎన్‌బీకి ఇస్తే నెలకు 5,500 వస్తాయని, మామూలు అద్దె అయితే 2,400 అని ఏజెంటు అంటున్నారు. ఇలాంటి అద్దెలపై నగరం నిషేధం పెట్టినా కోర్టు ఆపిందట. షాద్‌నగర్ ప్లాటు అమ్మి 25 శాతం కట్టి, మిగతాది 7 శాతం వడ్డీకి లోను తీసుకోవాలని ఆలోచన. మా మరిది మాత్రం అరిజోనాలో కొనమంటున్నాడు. అక్కడ నిషేధించే అధికారం నగరాలకు లేదట. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఏజెంటు అబద్ధం చెప్పలేదు, సగమే చెప్పారు. ఇళ్ల కాలనీల్లో ఈ రోజువారీ అద్దెలను డల్లాస్ కౌన్సిల్ 2023 జూన్‌లో నిషేధించింది. డిసెంబరులో జడ్జి ఆ నిషేధం అమలును తాత్కాలికంగా ఆపారు. స్టే అంటే ఏమిటో పొలం తగాదాలు చూసి పెరిగిన మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. మీ లోను 30 ఏళ్లు, స్టే మరో ఉత్తర్వు వచ్చేదాకా.

టెక్సాస్‌లో దీనికి రాష్ట్రమంతటికీ ఒకే చట్టం లేదు. ఊరికో నిబంధన, కోర్టుకో తీర్పు. ఆస్టిన్ నిషేధాన్ని 2019లో అప్పీలు కోర్టు కొట్టేసింది. అదే ఏడాది ఆర్లింగ్టన్ ఈ అద్దెలను ప్రధానంగా స్టేడియం పరిసరాలకు పరిమితం చేస్తే, 2021లో అక్కడి అప్పీలు కోర్టు దాన్ని ఆపడానికి ఒప్పుకోలేదు. మీ పక్కనే ఉన్న ప్లేనో 2024లో కాలనీల్లో కొత్తవాటికి తలుపు మూసేసింది. ఈ లెక్కన డల్లాస్ కేసు ఎటు తేలుతుందో పందెం కాయడం నా పని కాదు, మీ పనీ కాకూడదు.

అందుకే 5,500ను పక్కన పెట్టి 2,400తో లెక్క వేద్దాం. 3,15,000 లోనుకు నెలకు సుమారు 2,096. ఆస్తి పన్ను ఏడాదికి 2 శాతం అనుకుంటే నెలకు 700. ఇన్సూరెన్స్ 250 వేసుకున్నా మొత్తం 3,046. అంటే నిషేధం అమల్లోకి వచ్చిన మర్నాటి నుంచి నెలకు దాదాపు 650 డాలర్లు మీ జీతంలోంచి పోతాయి. సోఫాలు, మంచాలు, టీవీలకు పెట్టినది అదనం. రిపేర్లు, ఇల్లు ఖాళీగా ఉన్న నెలలు నేను కలపనేలేదు. మీలో ఒకరి ఉద్యోగం పోయినా మూడేళ్లు ఈ 650 కట్టగలరా? కట్టలేకపోతే ఈ ఇల్లు వద్దు. ఇక ఆ 5,500 కూడా చేతికి వచ్చేది కాదు. క్లీనింగ్, కరెంటు, ఎయిర్‌బీఎన్‌బీ కమీషన్ అందులోంచే పోవాలి. రాష్ట్రానికి 6 శాతం హోటలు పన్ను, దాని మీద నగరం వాటా ఉన్నాయి. అతిథి దగ్గర వసూలు చేసినా, సరిగా జమ అయిందో లేదో చూసుకునే బాధ్యత మీదే.

మీరు అడగనిది ఒకటి చెబుతాను. అతిథులు సగటున 7 రోజులు లేదా అంతకన్నా తక్కువ ఉంటే, నిర్వహణ మీరే గట్టిగా చూసుకుంటే, ఈ అద్దెలో వచ్చిన నష్టాన్ని పన్ను లెక్కలో జీతం ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చని వాట్సాప్‌లో తిరిగే మాట నిజమే. కానీ వీసా ఇప్పించిన కంపెనీకే పని చేయాల్సిన హెచ్‌1బి మీద ఉండి ఆ నిర్వహణ గంటలు చూపించడమంటే, అనుమతి లేని పని చేశామని మన చేత్తో మనమే రాసి ఇచ్చినట్టు కావచ్చు. పన్ను మిగుల్చుకోబోయి వీసాకు ఎసరు తెచ్చుకోవద్దు. ముందు వీసా లాయరును కలవండి.

మీ మరిది మాట చాలావరకు సరైనదే. అరిజోనా రాష్ట్రం 2016లోనే నగరాల చేతిలోంచి నిషేధాధికారం తీసేసింది. పర్యాటకులు ఎక్కువగా వచ్చే సెడోనా లాంటి ఊళ్లు మొత్తుకున్నాక 2022లో కొంత తిరిగి ఇచ్చింది: లైసెన్సు అడగవచ్చు, ఏడాదిలో మూడు ఉల్లంఘనలు రుజువైతే దాన్ని సస్పెండ్ చేయవచ్చు. రాష్ట్రం రక్షణ ఇస్తుంది, మనసు మార్చుకుంటే సవరిస్తుంది కూడా. పైగా ఈ చట్టం కట్టడి చేసేది నగరాలను, కాలనీ సంఘాలను కాదు. విమానం దూరంలో ఉన్న ఇంట్లో రాత్రి రెండింటికి గీజరు పగిలితే ఎవరు వెళతారో కూడా మరిదిని అడగండి.

ఇప్పటికైతే మూడు కాగితాలు తెప్పించుకోండి: కాలనీ సంఘం నిబంధనలు పూర్తిగా, రోజువారీ అద్దెకు వర్తించే ఇన్సూరెన్స్ కోట్, ఆ వీధిలోనే గత ఏడాది మామూలు అద్దెకు ఇచ్చిన రెండు ఇళ్ల అద్దె వివరాలు. అవి నాకు పంపండి. ప్లాటు బేరం అప్పటిదాకా ఆపండి, అడ్వాన్సు కూడా తీసుకోవద్దు.