తాతయ్య గడియారం నీ ఇంటికి వెళ్లేముందు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

రాజమండ్రి ఇంట్లోని గడియారాన్ని హైదరాబాద్ తీసుకెళ్తావట, సెకను తేడా రాకుండా నడుపుతావట, లీప్ సెకను (భూమి తిరుగుడుకి సరిపెట్టడానికి ప్రపంచ సమయానికి అప్పుడప్పుడు కలిపే ఒక్క సెకను) పడితే దానికీ లెక్క సరిచేస్తావట. మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మొదట నవ్వొచ్చింది. ఇంతమంది పిల్లల్లో దాన్ని అడిగింది నువ్వొక్కదానివే కదా అని తర్వాత గర్వంగా అనిపించింది. రాత్రి పడుకున్నాక మాత్రం ఆ ఫ్లాటు గోడా, ఈ బరువూ గుర్తొచ్చి టెన్షన్ పట్టుకుంది. ఫోన్‌లో చెబితే "సరే మామయ్యా" అంటూ ల్యాప్‌టాప్ చూసుకుంటావు. అందుకే రాస్తున్నాను, కూర్చుని చదువు.

తెలిసిన సంగతులే అయినా చెప్పేస్తాను. దారిలో గడియారాన్ని నడిపే బరువూ, లోలకమూ విప్పి వేరువేరుగా చుట్టిపెట్టు. వారానికోసారి, ఒకే రోజు, ఒకే వేళకి కీ ఇవ్వు. ముళ్లు వెనక్కి తిప్పకు. కొబ్బరినూనె దగ్గరికి కూడా రానివ్వకు. గడియారాల నూనె వేరే ఉంటుంది, సూది మొన మీద నిలిచినంత చాలు. టిక్కుకీ టక్కుకీ మధ్య ఎడం ఒకేలా వినిపించాలి. లేకపోతే పెట్టె ఒక పక్కకి ఒరిగిందని అర్థం.

గోడ దగ్గర మాత్రం నా మాట విను. గదుల మధ్య కట్టే పల్చటి గోడకి తగిలించకు. గోడ కదిలితే లోలకం ఊపు కొంత గోడ తినేస్తుంది, నడక చెడుతుంది. నా భయం అది కూడా కాదు, మేకు ఊడి మొత్తం కిందికి రావడం. కాంక్రీటు స్తంభానికి తగిలించాలి. పడమటి ఎండ పడేచోటు వద్దు. ఏసీ గాలి తగిలే చోటూ వద్దు.

ఎందుకంటే మన లోలకం కడ్డీ ఉక్కుది. పది డిగ్రీల వేడి పెరిగితే అది సాగి, గడియారం రోజుకు సుమారు అయిదు సెకన్లు వెనకబడుతుంది. నువ్వు రాత్రి ఏసీ వేసి పొద్దున ఆపితే దానికి రోజూ రెండు కాలాలు. ఇన్వార్ కడ్డీ వేయిద్దామని నీకు తప్పకుండా అనిపిస్తుంది. వేడికి దాదాపు సాగని ఆ లోహాన్ని కనిపెట్టిన గియోమ్‌కి 1920లో నోబెల్ ఇచ్చారు, కాదనను. కానీ కడ్డీ మార్చడానికి నేనొప్పుకోను. తాతయ్య కడ్డీ తాతయ్యదే.

ఇంకోటి, ఊరు మారగానే అది వెనకబడుతుంది. పాడైందని కంగారుపడకు. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది, అక్కడ గురుత్వం కాస్త తక్కువ. లెక్క వేస్తే రోజుకు నాలుగైదు సెకన్లు తగ్గాలి. ఈ గడియారం లండన్‌లో చేసింది. అక్కడ సరిగ్గా నడిచేది అలాగే తెచ్చి తగిలిస్తే మన దగ్గర రోజుకు రెండు నిమిషాలు వెనక ఉంటుందని తాతయ్య నల్లబల్ల మీద లెక్కకట్టి చూపించేవారు. నడక సరిచెయ్యడానికి లోలకం చివరి గుండు కింద నట్టు ఉంది. లోలకాన్ని ఆపి, కడ్డీ మెలిపడకుండా పట్టుకుని తిప్పాలి. ఒక్క సెకను తేడాకి గుండు కదలాల్సింది వెంట్రుక మందంలో మూడో వంతు! అందుకని రోజూ నట్టు మీద చెయ్యి వెయ్యకు. వారం పాటు తేడా నోటుబుక్కులో రాసుకో, తర్వాతే తిప్పు.

ఇక లీప్ సెకను. తాతయ్య చేసింది నీకెవరూ చెప్పి ఉండరు.

ప్రపంచంలో మొట్టమొదటి లీప్ సెకను 1972 జూన్ 30 అర్ధరాత్రి, గ్రీనిచ్ లెక్కన. మనకు జూలై 1 పొద్దున్న అయిదున్నర. సైన్సు మాస్టారు కదా, తాతయ్య పేపర్లో చదివి వారం ముందునుంచే సంబరపడ్డారు. ముందురోజు రాత్రి రేడియో పిప్పులకి సెకన్ల ముల్లు కలిపారు. తెల్లారేసరికి మమ్మల్నందరినీ లేపి వరసగా నిలబెట్టారు. సరిగ్గా అయిదున్నరకి అద్దం తలుపు తీసి, గుండు చివరికి వచ్చినప్పుడు రెండు వేళ్లతో పట్టుకుని, "ఇదిగో, ప్రపంచమంతా ఆగిన సెకను" అని వదిలారు. మేం చప్పట్లు కొట్టాం.

లోలకం వేలాడేది కాగితంలాంటి పల్చటి స్ప్రింగు మీద. వేళ్లు గుండుని కాస్త పక్కకి నెట్టాయి, స్ప్రింగు మడతపడింది. గుండు ముందుకీ వెనక్కీ వణకడం మొదలుపెట్టి మధ్యాహ్నానికి గడియారం ఆగిపోయింది. అప్పటికైనా బాగుచేసేవాడిని పిలిస్తే సరిపోయేది. ఊళ్లో అందరికీ తనే చెప్పారాయె, ఇప్పుడు ఏ మొహంతో పిలుస్తారు? స్క్రూడ్రైవర్ తీసుకుని కూర్చున్నారు. లోలకం తీశారు. పళ్ల చక్రాన్ని ఒక్కో పన్నుగా ఆపి వదిలే కొక్కెం ఉంటుంది, యాంకర్ అంటారు, దాని స్క్రూలు విప్పారు. బరువు ఇంకా తాడుకి వేలాడుతూనే ఉంది.

యాంకర్ పళ్ల చక్రాన్ని వదిలిందో లేదో, లోపలి చక్రాలన్నీ గిర్రున తిరగడం మొదలుపెట్టాయి. సెకన్ల ముల్లు కంటికి ఆనలేదు. బరువు కిందికి జారిపోతోంది. తాతయ్య కంగారుగా యాంకర్‌ని మళ్లీ లోపలికి నెట్టారు. పళ్లు వంగాయి, చక్రం టక్కున ఆగింది, ఆ కుదుపుకి పాత తాడు తెగింది. కింద మీ అమ్మ గవ్వలతో ఆడుకుంటోంది, నాలుగేళ్లది. బరువు దానికి జానెడు దూరంలో పడింది. నడవలో ఆ పగిలిన నాపరాయి నువ్వు చూశావు. రుబ్బురోలు పడి పగిలిందని నీకు చెప్పి ఉంటారు. అది కాదు.

తాతయ్య ఎవరినీ కసరలేదు. అన్నం కూడా తినలేదు. మీ అమ్మని ఒళ్లో పెట్టుకుని చీకటిపడేదాకా అలాగే కూర్చున్నారు. తర్వాత సికింద్రాబాద్ నుంచి వచ్చిన ఒక పనిమంతుడు పళ్లు ఒక్కొక్కటే సరిచేశాడు. ఆయన పక్కన కూర్చునే నేనీ పని నేర్చుకున్నాను. ఆయన మొదట చెప్పిన మాట: బరువు దించనిదే స్క్రూ ముట్టుకోవద్దు.

సెకను కలపడానికి పద్ధతి కూడా ఆయనదే. కడ్డీ మధ్యలో చిన్న పళ్లెం బిగించి, అందులో చిన్న బరువు ఎప్పుడూ ఉంచాలి. అక్కడ బరువు పెంచితే గడియారం ముందుకెళ్తుంది, తీస్తే వెనకబడుతుంది. లండన్ బిగ్ బెన్‌కీ ఇంతే, పాత పెన్నీ బిళ్ల ఒకటి పెడితే రోజుకు 0.4 సెకను తేడా. మన గుండు ఏడు కిలోలు, కాబట్టి ముప్పాతిక గ్రాము లోపే రోజుకు ఒక సెకను వస్తుంది. సరైన బరువు నువ్వే పరీక్షించి తేల్చుకో. లీప్ సెకను నాడు దాన్ని పట్టకారుతో నెమ్మదిగా తీసి, ఇరవై నాలుగు గంటల తర్వాత మళ్లీ పెట్టు. లోలకం ఆగక్కర్లేదు. గూగుల్ వాళ్లు కూడా ఆ సెకనుని రోజంతా పరిచి కలుపుతారని పోయిన సంక్రాంతికి నువ్వే చెప్పావు. ఆ రోజు నీ ఫోన్ చూసి గడియారాన్ని తిట్టకు మరి, ఫోను కూడా సర్దుకుంటూ ఉండొచ్చు.

అసలు నీకా అవకాశం వస్తుందో రాదో. ఇప్పటికి 27 పడ్డాయి. చివరిది 2017 జనవరి 1 పొద్దున్న అయిదున్నరకి. 2035 నాటికి ఈ పద్ధతి ఆపేద్దామని 2022లో తీర్మానించారు. ఈమధ్య భూమి కాస్త వేగంగా తిరుగుతోంది కాబట్టి సెకను తీసెయ్యాల్సి కూడా రావచ్చంటున్నారు. అలా వస్తే ఇంకో అంతే బరువు ఒక రోజు అదనంగా పెట్టు.

కొత్త తాడు కొన్నాను. స్తంభానికి కొట్టే బోల్టులు కూడా తెస్తాను. వచ్చే నెల రెండో శనివారానికి వస్తాను. నేను వచ్చేదాకా పెట్టె తుడుచుకో, ముళ్లు తుడుచుకో, ఏమైనా చేసుకో, బరువు మాత్రం తగిలించకు. మీ ఆయన "నేను చూసుకుంటాలే" అన్నా సరే, వద్దను.

నీ మామయ్య