రాత్రంతా అనువాదం చేస్తోంది సార్, ఇది ఉద్యోగమేనా?

ప్రశ్న: మాది నరసరావుపేట. నేను ఆర్టీసీలో కండక్టర్‌ని. మా పెద్దమ్మాయి బీఎస్సీ కంప్యూటర్స్ ఫైనల్ ఇయర్. టెన్త్ దాకా తెలుగు మీడియమే, తెలుగు బాగా రాస్తుంది. ఏడాదిగా ఏవో ఉచిత సాఫ్ట్‌వేర్లను తెలుగులోకి మారుస్తున్నానంటూ రాత్రి ఒంటిగంట దాకా లాప్‌టాప్ ముందే ఉంటోంది. రూపాయి రాదు. ఏంటమ్మా అది అంటే 'మెసేజ్ క్యాటలాగ్ నాన్నా' అంటుంది. బ్యాంకు కోచింగ్‌లో చేరమంటే వద్దంటోంది. అసలు ఇదొక పనేనా? ఏఐ వచ్చాక అనువాదాలు మనుషులకు మిగులుతాయా?

జవాబు: పనే. కాకపోతే మీ అమ్మాయి ఆ పనిలో ఏ భాగం నేర్చుకుంటోందన్న దాన్ని బట్టి అది జీతం అవుతుందా, కాలక్షేపం అవుతుందా అన్నది తేలుతుంది. కౌన్సెలింగ్‌లోకి రాకముందు నేనూ కొన్నేళ్లు ఈ పనే చేశాను కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఫోన్‌లో ఏ యాప్ తెరిచినా కనిపించే మాటలన్నీ, అంటే బటన్ల పేర్లు, హెచ్చరికలు, 'పాస్‌వర్డ్ తప్పు' లాంటివన్నీ, ప్రోగ్రామ్ లోపల చెల్లాచెదురుగా ఉంటాయి. ప్రోగ్రామర్ ఆ మాటలకు గుర్తు పెడితే ఒక పనిముట్టు వాటన్నిటినీ ఏరి ఒక ఖాళీ ఫారం లాంటి ఫైలు తయారుచేస్తుంది. ప్రతి భాషకూ దాని నకలు ఒకటి. పైన ఇంగ్లిష్ వాక్యం, కింద మన వాక్యం. అదే మెసేజ్ క్యాటలాగ్. ఈ పద్ధతుల్లో బాగా పాతుకుపోయినది గ్నూ గెట్‌టెక్స్ట్, 1995 నుంచి ఉంది. అందులో అనువాదకుల చేతికి వచ్చేది పీఓ ఫైలు. ఆండ్రాయిడ్‌కు, జావాకు పద్ధతులు వేరు గానీ సూత్రం ఒకటే.

ఇంగ్లిష్ వాక్యం కింద తెలుగు వాక్యం రాయడమేగా, ఇందులో ఏముంది అనిపిస్తుంది. మీ పనిలోంచే ఒక ఉదాహరణ తీసుకుందాం. బస్ టికెట్ యాప్‌లో 'ఫలానా ఊరికి బస్సు' అని చూపించాలి. క్యాటలాగ్‌లో ఊరి పేరు ఉండదు. దాని చోట ఒక ఖాళీ గుర్తు ఉంటుంది, యాప్ నడిచేటప్పుడు పేరు వచ్చి అందులో కూర్చుంటుంది. అనువాదకుడు ఖాళీ పక్కన 'కు బస్సు' అని రాసి ఊరుకున్నాడనుకోండి. గుంటూరు వస్తే 'గుంటూరు కు బస్సు', మధ్యలో ఎడం ఉన్నా ఏదోలా సరిపెట్టుకుంటాం. తిరుపతి వస్తే 'తిరుపతి కు బస్సు'. విశాఖపట్నం వస్తే 'విశాఖపట్నం కు బస్సు'. మీరు బస్టాండులో అలా అరుస్తారా? తిరుపతికి అంటారు, విశాఖపట్నానికి అంటారు. ఊరి పేరు చివర ఏ అక్షరం ఉందో చూసి కి, కు, ఆనికి మన నోటికి వాటంతటవే వస్తాయి. ఆ ఖాళీకి ఆ తెలివి లేదు. పని తెలిసినవాళ్లు వాక్యాన్నే మార్చేస్తారు: 'బస్సు చేరే ఊరు:' అని రాసి పక్కన ఖాళీ వదులుతారు. ఇక ఏ ఊరు వచ్చినా తప్పు రాదు.

లెక్కల దగ్గర ఇంకో చిక్కు. ఏకవచనం, బహువచనం ఎన్ని రకాలో ప్రతి క్యాటలాగ్ పైన ఒక సూత్రం ఉంటుంది. జపనీస్‌కు ఒకటే రూపం, రష్యన్‌కు మూడు, అరబిక్‌కు ఆరు. తెలుగుకు రెండు: ఒకటైతే ఒక రూపం, కాకపోతే ఇంకోటి. ఫైళ్లకూ ఫొటోలకూ ఇది చాలు. మనుషుల దగ్గరికి వచ్చేసరికి మనం 'మూడు సభ్యులు' అనం కదా. ముగ్గురు, నలుగురు అంటూ ఏడుగురు దాకా వెళ్లి, అక్కణ్ణుంచి ఎనిమిది మంది అంటాం. ఉన్న రెండు గళ్లలో ఇదంతా పట్టదు. 'సభ్యుల సంఖ్య: 3' అని తప్పించుకోవాలి, లేదా '3 మంది సభ్యులు' అని సరిపెట్టాలి. ఏది ఎక్కడ వాడాలో తేల్చడానికి తెలుగు రావాలి, ఫైలు ఎలా పనిచేస్తుందో కూడా తెలియాలి.

నేను చేసిన తప్పూ ఒకటి చెబుతాను. ఒక కంపెనీలో నాకు స్ప్రెడ్‌షీట్‌లో వట్టి పదాలు ఇచ్చారు. స్క్రీన్ ఎలా ఉంటుందో చూపించలేదు. 'క్లియర్' అన్న మాటకు 'స్పష్టం' అని రాసి పంపాను. అది ఫారంలో నింపినవన్నీ తుడిచేసే బటన్. జనం 'స్పష్టం' నొక్కడం, రాసిందంతా పోవడం! రెండు నెలలయ్యాక గానీ ఎవరూ కనిపెట్టలేదు. ఇలాంటిది జరగకూడదనే క్యాటలాగ్‌లో ప్రతి వాక్యానికీ సందర్భం రాసే చోటు ఉంటుంది. ప్రోగ్రామర్లు దాన్ని ఖాళీగా వదిలేస్తారు. దాన్ని నింపించే మనిషికి ఏ టీమ్‌లోనైనా విలువ ఉంటుంది.

ఇక ఏఐ సంగతి. నిజమే, మాటకు ఇంత అని లెక్కగట్టి ఇచ్చే మామూలు అనువాదం పని మీద దెబ్బ పడింది. మొదటి చిత్తుప్రతి ఇప్పుడు యంత్రమే ఇస్తోంది, మనిషి దిద్దుతున్నాడు. కేవలం అనువాదకురాలిగా బతకాలనుకుంటే నేను ప్రోత్సహించను. ఆ పని ఒక నెల ఉంటుంది, రెండు నెలలు ఉండదు. పైన చెప్పిన బస్సు సమస్య మాత్రం వేరు. ప్రోగ్రామర్ వాక్యాన్ని ముక్కలుగా కోసి రాసినప్పుడు యంత్రం ఆ ముక్కలనే అనువదిస్తుంది. 'ఇలా కొయ్యొద్దు' అని ప్రోగ్రామర్‌కు చెప్పి, కోడ్ మార్పించి, మళ్లీ స్క్రీన్ మీద చూసుకునేవాళ్లు కావాలి. వాళ్లను లోకలైజేషన్ ఇంజినీర్ అంటారు, లింగ్విస్టిక్ టెస్టర్ అంటారు. హైదరాబాద్, బెంగళూరు కంపెనీల్లో ఈ పేర్లతో ఉద్యోగాలు పడుతుంటాయి. వందల్లో ఉండవు, దొరికేదాకా ఓపిక పట్టాలి.

కాబట్టి అమ్మాయితో ఈ మాటలు చెప్పండి. లేదా ఇది చదవమని ఫోన్ చేతికివ్వండి.

అమ్మా, ఇంకొకరు తయారుచేసిన పీఓ ఫైళ్లు నింపడం ఏడాది చేశావు, చాలు. ఇప్పుడు నువ్వే ఒకటి తయారుచెయ్యి. పైథాన్ ప్రోగ్రామింగ్ భాష, దానితో వెబ్‌సైట్లు కట్టే జాంగో కాస్త నేర్చుకుని చిన్న సైట్ కట్టు. అందులోని మాటలకు గుర్తులు పెట్టి, క్యాటలాగ్ తీసి, తెలుగు చేసి, కంపైల్ చేసి (అంటే యంత్రం చదివే రూపంలోకి మార్చి) నడిపించు. తర్వాత ఇంగ్లిష్‌లో 'ఫైలును తొలగించు' అని ఉన్నదాన్ని 'ఫైళ్లన్నిటినీ తొలగించు' అని మార్చి, క్యాటలాగ్‌ను తాజా చేసి చూడు. ఆ పనిముట్టు పాత తెలుగు వాక్యాన్నే కొత్తదాని కింద పెట్టి, పక్కన 'ఫజ్జీ' అని గుర్తు వేస్తుంది. సరిచూడమని దాని అర్థం. చూడకుండా ఆ గుర్తు తీసేస్తే, ఒక్క ఫైలే అనుకుని నొక్కినవాడి ఫైళ్లన్నీ పోతాయి. అలాగే వదిలేస్తే ఆ వాక్యం ఇంగ్లిష్‌లోనే కనిపిస్తుంది. మన యాప్‌లు సగం తెలుగు, సగం ఇంగ్లిష్‌గా ఉండటానికి ఇదీ ఒక కారణమే. ఇంటర్వ్యూలో ఇది నీ మాటల్లో చెప్పగలిగితే సర్టిఫికెట్ కన్నా బాగా పనికొస్తుంది.

ఉచితంగా చేసిన పనిని దాచుకోవద్దు. తెలుగు వికీపీడియాలో కనిపించే మెనూల మాటలు ట్రాన్స్‌లేట్‌వికీ అనే సైట్‌లో తయారవుతాయి, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌వి పాంటూన్ అనే సైట్‌లో. అక్కడ నీ పేరు మీద ప్రతి మార్పూ నమోదై ఉంటుంది, రెజ్యూమెలో ఆ లింకు పెట్టు. పై చదువు కావాలంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అనువాద అధ్యయనానికీ అప్లైడ్ లింగ్విస్టిక్స్‌కూ ఒక కేంద్రం ఉంది, భాషా సాంకేతికత మీద పరిశోధన చేయాలనిపిస్తే ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ ఉంది.

మళ్లీ మీతో. డిగ్రీ అయ్యాక ఒక ఏడాది గడువు పెట్టుకోండి, ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుని. ఆ ఏడాదిలో టెస్టింగ్ గానీ వెబ్ డెవలప్‌మెంట్ గానీ మామూలు ఉద్యోగాలకూ అప్లై చేయమనండి. అందులో చేరి ఆ కంపెనీ తెలుగు యాప్ బాధ్యత చేతికి తీసుకున్నవాళ్లను నేను చూశాను. బ్యాంకు పరీక్షలు ఎక్కడికీ పోవు, ఏటా వస్తాయి. ఒంటిగంట దాకా మేలుకోవడం మాత్రం మాన్పించండి, పదకొండుకు ఆపేసినా ఆ ఫైలు అక్కడే ఉంటుంది.