ఎండా చర్మమూ: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. ఇరవై ఏళ్లకు పైగా బస్సు నడుపుతున్నాను. నా కుడి చెంప ఎడమ చెంప కన్నా నల్లగా, గీతలు పడినట్టు ఉంటోంది. కుడి ముంజేయి కూడా అంతే. ఇది ఏదైనా జబ్బా? ఈ వయసులో జాగ్రత్తలు తీసుకుంటే ఫలితం ఉంటుందా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే, ఇది కిటికీ పక్క సీటు తెచ్చిన మార్పే అనిపిస్తోంది. ఎండలో మన చర్మం దాకా చేరే అతినీలలోహిత కిరణాలు రెండు రకాలు. బి రకం కిరణాలు చర్మాన్ని కమిలిస్తాయి గాని, మామూలు గాజు వాటిని చాలావరకు ఆపేస్తుంది. ఎ రకం కిరణాలు పక్క కిటికీ అద్దాన్ని దాటుకుని వచ్చి, చర్మం లోపలి పొర దాకా దిగి, చర్మానికి బిగువునిచ్చే కొలాజెన్ పోగులను ఏళ్ల తరబడి దెబ్బతీస్తాయి. మంట పుట్టదు, చర్మం ఎర్రబడదు కాబట్టి ఆ సంగతి మనకు తెలియనే తెలియదు. అమెరికాలో 28 ఏళ్లు సరుకుల ట్రక్కు నడిపిన 69 ఏళ్ల డ్రైవరు ఫొటోను 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ప్రచురించింది. అక్కడ డ్రైవరు ఎడమవైపు కూర్చుంటాడు కాబట్టి అతని ఎడమ చెంప మాత్రమే లోతైన ముడతలతో వేలాడిపోయి, ముఖంలో ఒక సగం రెండో సగానికి తండ్రిలా కనిపించింది. మన దేశంలో ఆ నష్టం కుడివైపు జరుగుతుంది. మన చర్మంలో రంగునిచ్చే మెలనిన్ ఎక్కువ కాబట్టి తెల్లవారితో పోలిస్తే ముడతలు ఆలస్యంగానే వస్తాయి. ఎండ చేసిన నష్టం మనలో ముందుగా నలుపుగా, మచ్చలుగా బయటపడుతుంది.

ఫలితం తప్పకుండా ఉంటుంది. ఆస్ట్రేలియాలోని నాంబర్ పట్టణంలో 55 ఏళ్లలోపు వారు 903 మందిని నాలుగున్నరేళ్లు పరిశీలించిన అధ్యయనం 2013లో వెలువడింది. రోజూ సన్‌స్క్రీన్ రాసుకున్న వారిలో, ఇష్టమైనప్పుడు రాసుకున్న వారికన్నా చర్మం ముదిరిన లక్షణాలు 24 శాతం తక్కువగా కనిపించాయి. అక్కడివారిది తెల్లని చర్మం కాబట్టి ఆ లెక్క మనకు అచ్చంగా అలాగే వర్తిస్తుందని చెప్పలేను గాని, నడివయసు వారికి కూడా ఉపయోగం ఉందన్నది స్పష్టం. మీ ఖాకీ చొక్కా చేతులను మడవకుండా మణికట్టు దాకా దించుకోండి. కుడి చెంపతో పాటు అందరూ మరిచిపోయే కుడి చెవికీ, మెడకూ సన్‌స్క్రీన్ రాయండి. రక్తపోటుకు హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్రలు వాడుతూ ఉంటే ఆ సంగతి మీ డాక్టరుకు చెప్పండి. ఆ మందు వల్ల కొందరి చర్మానికి ఎండ పడకుండా పోతుంది. మాత్రను మాత్రం మీ అంతట మీరు మానకండి.

ప్రశ్న: నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, వయసు 27. ఎస్పీఎఫ్ 30 కొనాలా, 50 కొనాలా? రోజంతా ఆఫీసులోనే ఉండేవారికి సన్‌స్క్రీన్ అవసరమా? రాసుకుంటే విటమిన్ డి తగ్గిపోతుందని అమ్మ అంటోంది. ఇప్పటి నుంచే రెటినాల్ మొదలుపెట్టవచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ముందుగా ఎస్పీఎఫ్ సంగతి చూద్దాం, అది బి రకం కిరణాల నుంచి రక్షణను తెలిపే అంకె. సరైన మోతాదులో రాసినప్పుడు ఎస్పీఎఫ్ 30 బి రకం కిరణాలలో దాదాపు 97 శాతాన్ని, ఎస్పీఎఫ్ 50 దాదాపు 98 శాతాన్ని ఆపుతాయి. తేడా అంతే. అసలు తేడా మోతాదులో ఉంది. ప్రయోగశాలలో ఈ అంకెను చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున పూసి తేలుస్తారు. ఇళ్లలో మనం రాసుకునేది అందులో సగం కూడా ఉండదు, దానితో రక్షణ కూడా అట్టమీది అంకెకు చాలా దిగువకు పడిపోతుంది. చూపుడు వేలు, మధ్య వేలు మొదలు నుంచి చివరి దాకా రెండు గీతలుగా పిండితే వచ్చే క్రీము ముఖానికీ మెడకూ సరిపోతుంది. అది ఒక గ్రాముకు కాస్త అటూ ఇటూ ఉంటుంది కాబట్టి, రోజుకు ఒక్కసారే రాసినా 50 గ్రాముల ట్యూబు నెలన్నరలో అయిపోవాలి. మీ ట్యూబు ఆరు నెలలు వస్తోందంటే మీరు ఏ అంకె కొన్నా ఒకటే. డబ్బు పరిమితంగా ఉంటే ఖరీదైన 50ని పొదుపుగా వాడటం కన్నా చవకైన 30ని ధారాళంగా వాడటమే నయం. అట్ట మీద పీఏ తర్వాత మూడు గానీ నాలుగు గానీ ప్లస్ గుర్తులు ఉన్నాయో లేదో చూసుకోండి. ఎ రకం కిరణాల నుంచి రక్షణను తెలిపేవి అవే.

కిటికీకి దూరంగా, గది మధ్యలో కూర్చునేవారికి ఉదయం ప్రయాణానికి ముందు ఒకసారి రాసుకోవడం చాలు. అద్దాల గోడ పక్కన సీటైతే మధ్యాహ్నం మరోసారి రాయాలి. ఆరుబయట తిరిగే రోజున రెండు గంటలకోసారి, చెమటతో ముఖం తుడుచుకున్నాక వెంటనే రాయాలి. మన వేసవి మధ్యాహ్నాలలో అతినీలలోహిత సూచీ తరచూ 11 దాటుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో అది అత్యంత తీవ్రమైన స్థాయి. విటమిన్ డి గురించి మీ అమ్మగారి ఆందోళన అర్థం చేసుకోదగినదే గాని, ఇళ్లలో రాసుకునే తీరులో సన్‌స్క్రీన్ వల్ల ఆ లోటు రావడం అరుదు. పొద్దున చీకటితో క్యాబ్ ఎక్కి రాత్రి దిగే జీవితం వల్లనే అది ఎక్కువగా వస్తుంది. అనుమానముంటే రక్తపరీక్ష చేయించుకుని, తక్కువగా ఉంటే డాక్టరు చెప్పినంత కాలం మాత్రలు వేసుకోండి. అందుకోసం ముఖాన్ని ఎండబెట్టనక్కరలేదు.

ముఖం ముడతల మీద చక్కని ఆధారాలున్న పూత మందులు విటమిన్ ఎ కుటుంబానివి. వాటిలో ట్రెటినాయిన్ డాక్టరు చీటీ మీద వాడవలసిన మందు. రెటినాల్ దానికన్నా మెత్తనిది. 27 ఏళ్లకు అది తప్పనిసరి కాదు, సన్‌స్క్రీన్ అలవాటు కుదిరాక ఆలోచించండి. మొదలుపెడితే రాత్రిపూట, ముఖమంతటికీ బఠాణీ గింజంత, మొదట వారానికి రెండు రాత్రులే రాయండి. గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు, గర్భిణులు దీనికి దూరంగా ఉండాలి.

ప్రశ్న: రెండో కాన్పు తర్వాత చెంపల మీద మంగు మచ్చలు వచ్చాయి. తెలిసినవారు చెప్పారని మెడికల్ షాపులో ఒక ట్యూబు కొని ఏడాదిగా వాడుతున్నాను. మొదట్లో ముఖం ఎంతో నిగనిగలాడింది. ఇప్పుడు ఒక్కరోజు మానినా మంట, ఎరుపు, మొటిమలు వస్తున్నాయి. వంటగదిలోకి వెళ్లినా ముఖం మండుతోంది.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఈ శీర్షికకు అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే ఉత్తరం ఇదే. ఆ ట్యూబు వెనుక సన్నని అక్షరాలలో ఉన్న పేర్లు చదవండి. మొమెటాసోన్, ఫ్లూసినోలోన్, బెటామెథాసోన్, క్లోబెటసాల్ వంటి పేరు కనిపిస్తే అందులో స్టెరాయిడ్ ఉన్నట్టే. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, స్టెరాయిడ్ కలిపిన ఈ రకం క్రీములను మంగుకు నిపుణులు కొన్ని వారాల పాటు, ఒక కన్నేసి ఉంచుతూ వాడిస్తారు. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, బుగ్గల మీద సన్నని రక్తనాళాలు ఎర్రగా తేలతాయి, గడ్డం దగ్గర అవాంఛిత రోమాలు మొలుస్తాయి, మానగానే మంట మొదలవుతుంది. ఆ మంట భరించలేక మళ్లీ రాయడంతో వలయం పూర్తవుతుంది. డాక్టరు చీటీ లేకుండా ఇటువంటి క్రీములు అమ్మకుండా 2018లో కేంద్ర ప్రభుత్వం అనేక స్టెరాయిడ్ పూత మందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అయినా కౌంటరు మీద అడిగినవారికి ఇస్తూనే ఉన్నారు. ‘ఫెయిర్‌నెస్’ అన్న మాటకు మన ఇళ్లలో ఉన్న విలువ అలాంటిది.

మీరు ఆలస్యం చేయకుండా చర్మవ్యాధి నిపుణులను కలవండి, ఆ ట్యూబును కూడా తీసుకువెళ్లండి. ఎలా మానిపించాలో వారు నిర్ణయిస్తారు. అప్పటిదాకా ముఖానికి నురగ తక్కువ వచ్చే మెత్తని క్లెన్సర్, వాసన లేని మాయిశ్చరైజర్, జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్ తప్ప ఇంకేమీ రాయవద్దు. బ్లీచ్, ఫేషియల్ అసలే వద్దు.

ఇక మంగు విషయం. గర్భం, గర్భనిరోధక మాత్రలు, వంశపారంపర్యం దీనికి బీజం వేస్తాయి, ఎండ నీళ్లు పోస్తుంది. కంటికి కనిపించే వెలుతురు కూడా ఈ మచ్చలను ముదర చేస్తుంది కాబట్టి, ఐరన్ ఆక్సైడ్ కలిసి చర్మం రంగులో ఉండే సన్‌స్క్రీన్లు మంగు ఉన్నవారికి మామూలు వాటికన్నా మేలు. అజెలాయిక్ ఆమ్లం వంటి నెమ్మదైన పూతలున్నాయి. ట్రనెక్సామిక్ ఆమ్లం మాత్రలు రక్తం గడ్డకట్టే ముప్పు ఉన్నవారికి ప్రమాదకరం, కాబట్టి యూట్యూబ్ చూసి మింగవలసినవి కావు. మంగును పూర్తిగా చెరిపేస్తామన్నవారిని నమ్మకండి. అది పలచబడుతుంది, ఎండాకాలంలో మళ్లీ తలెత్తుతుంది, మళ్లీ అదుపులోకి వస్తుంది.

ప్రశ్న: మా అమ్మాయికి 19 ఏళ్లు. మెడ వెనుక నల్లగా, దళసరిగా ఉంది. నిమ్మరసం, వంటసోడా కలిపి పీచుతో రుద్దినా పోవడం లేదు.
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: అది మట్టి కాదు, ఎండ వల్ల వచ్చిందీ కాదు, రుద్దితే పోదు, రాపిడికి ఇంకా నల్లబడుతుంది. మెడ, చంకలలో చర్మం ఇలా మఖ్మల్ గుడ్డలా మందంగా మారడానికి సాధారణ కారణం ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం. అమ్మాయికి చక్కెర పరీక్ష చేయించండి, నెలసరి క్రమంగా వస్తోందో లేదో అడగండి, బరువు ఎక్కువైతే తగ్గించే ప్రయత్నం చేయించండి. నిమ్మరసం రాసి ఎండలోకి వెళితే బొబ్బలు, ఆ తర్వాత నల్లని మరకలు రావచ్చు. సున్నిపిండితో సున్నితంగా రుద్దుకుంటే మానమని మాత్రం అనను.

ప్రశ్న: మా అమ్మ మిరప కోతలకు కూలికి వెళుతుంది. కనురెప్పలు, మెడ, మోచేతి మడతలలో విపరీతమైన దురద, చర్మం మొద్దుబారి నల్లబడింది. ఎండ తగిలితే ఎక్కువవుతోంది. సన్‌స్క్రీన్ కొనే స్తోమత మాకు లేదు.
– ఒక విద్యార్థి, పల్నాడు జిల్లా

జవాబు: సన్‌స్క్రీన్ మీ అమ్మగారికి మొదటి అవసరం కాదు. మన పొలాల్లో ఆడవారు చీర మీద మగవారి ఫుల్ చొక్కా తొడుక్కుని, తలకు తువ్వాలు చుట్టుకుంటారు. దగ్గరగా నేసిన ముదురు రంగు బట్టైతే రోజంతా ఎండను ఆపడంలో ఏ క్రీమూ దానికి సాటిరాదు. పలచని తెల్ల బట్ట, అందులోనూ చెమటకు తడిసినది, అంతగా ఆపలేదు.

మీరు చెప్పిన చోట్లను బట్టి నాకు ముందుగా అనుమానం వచ్చేది వయ్యారిభామ మీద, అంటే కాంగ్రెస్ గడ్డి మీద. దాని పొడి గాలిలో ఎగిరి కనురెప్పల మీద, మడతలలో చేరి అలర్జీ తెస్తుంది. ముదిరితే చర్మానికి ఎండ పడకపోవడం కూడా తోడవుతుంది. జిల్లా ఆసుపత్రి చర్మ విభాగంలో చూపించండి, అవసరమైతే అలర్జీ తెచ్చే పదార్థాలను వీపు మీద అంటించి చూసే ప్యాచ్ పరీక్ష చేసి నిర్ధారిస్తారు. పని నుంచి రాగానే స్నానం చేయించి, ఆ చొక్కాను ఇంట్లో దుప్పట్లతో కలపకుండా విడిగా ఉతకండి. చేతులకు మిరప ఘాటు అంటితే ముందు కొబ్బరినూనె రాసి తుడిచి, తర్వాత సబ్బుతో కడగాలి. ఘాటు నీళ్లలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. ఇంటి చుట్టూ, గట్ల మీద ఉన్న వయ్యారిభామను పూత రాకముందే, చేతికి తొడుగు వేసుకుని, వేరుతో సహా వేరెవరి చేతనైనా పీకించండి. ఆ పనిని మాత్రం మీ అమ్మగారికి అప్పగించకండి.